బావి నీళ్ళు బావిలోకే

మోటారు నడుస్తోంది కాని కాలవలో నీళ్ళు లేవు. పార భుజాన వేసుకుని కలుపుకి పోతూ అది చూసి ఆగాను. ఆ రోజు నీటి వంతు నాది కాదు, పక్కింటి ప్రెస్సాయనది. ఆయన చిక్కుడు పాదుల కింద నేల బీటలు తీసి ఉంది. మోటారు మాత్రం ఏ లోటూ లేకుండా నడుస్తోంది.

బావి గట్టు ఎక్కి చూశాను. నీళ్ళు పోసే పైపు మెడ వెనక్కి తిప్పి, తాడుతో కట్టి, దాని నోరు బావిలోకే పెట్టి ఉంది. అడుగు నుంచి పైకి వచ్చిన నీళ్ళు మళ్ళీ అడుక్కే పడుతున్నాయి. లోపలంతా తెల్లటి నురగ. మోటారు గది గోడకు వీపు ఆనించి, కాళ్ళు బార్లా చాపి, నోరు తెరుచుకుని ప్రెస్సాయన నిద్రపోతున్నాడు. ఆయన మోకాలి మీదుగా చీమల బారు పోతోంది. ఆయనకు తెలియడం లేదు.

పైపును చూశాను, ఆయన్ని చూశాను. మడిలో కలుపు ఉంది. వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మా ఆవిడకు సంగతి తెలిసిపోయింది. ఊళ్ళో ఏ సంగతైనా నాకంటే ముందు మా ఇంటికి చేరుతుంది.

"ఏమయ్యా, ఆ మహానుభావుడు బావికి నీళ్ళు పెడుతున్నాడంట, నిజమేనా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి, ఊఁ? ఎందుకని అడగలేదా?"

"నిద్రపోతున్నాడు."

"లేపి అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

నేను చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. ఆమె వడ్డించింది.

ఆ ఇల్లు మా చిన్నాన్న కొడుకుది. అతను అమ్మేసి పోతే వీళ్ళు కొన్నారు. ఇంటితో పాటు బావిలో సగం, మోటారులో సగం వచ్చాయి. బావి ఒకటి, మోటారు ఒకటి, ఒక రోజు మాది, ఒక రోజు వాళ్ళది. మా నాన్న, చిన్నాన్న పెట్టుకున్న పద్ధతి అది. మనుషులు మారారు, పద్ధతి అలాగే ఉంది.

ప్రెస్సాయన పట్నంలో పేపరు అచ్చువేసే చోట మిషను మీద పనిచేశాడు. మీసం రాని వయసులో చేరి, మీసం నెరిసేదాకా అదే పని. పేపరు రాత్రిపూట అచ్చవుతుంది కాబట్టి ఆయనకు రాత్రి పని, పగలు నిద్ర. వాళ్ళు ఉన్న గది రైలు పట్టాల పక్కన. రైళ్ళు పోతుంటే మంచం కదిలేదట. ఆ మంచం మీదే ఆయన హాయిగా పడుకునేవాడట. ఇదంతా ఆయన భార్య మా ఆవిడతో చెప్పింది. పిల్లలు లేరు. ఆమెకు ఉబ్బసం. ఆ పొగలో, ఆ దుమ్ములో ఉన్నంతకాలం మందులు పనిచేయవని, ఊరు మారకపోతే ఇక తన దగ్గరికి రావద్దని డాక్టరు కోప్పడ్డాడట. అందుకని వచ్చారు.

వచ్చిన కొత్తలో ఆమె వాకిట్లో మెట్లు ఎక్కడానికే మధ్యలో కూర్చునేది. నన్ను అన్నయ్యగారూ అని, మా ఆవిడను వదినా అని పిలిచేది. ఆ రెండు మాటలకే ఊపిరి అయిపోయేది. కొన్నాళ్ళకు మెట్ల మీద కూర్చోవడం మానేసింది. ఆ తర్వాత బావి నుంచి బిందె చంకన పెట్టుకుని తనే తెచ్చుకోసాగింది. బుగ్గల్లో రంగు వచ్చింది. అదే కాలంలో ఆయన కళ్ళు పీక్కుపోయాయి. ఒకే ఇంట్లో ఒకరు మొలకెత్తుతుంటే ఇంకొకరు వాడిపోతున్నట్టు ఉండేది, గట్టు మీంచి చూస్తుంటే.

ఆయన గొంతు పెద్దది. మిషన్ల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతు. చెవులు కూడా సగమే పనిచేస్తాయి. గుసగుసలాడుతున్నాననుకుని ఆయన చెప్పే మాట మా పెరట్లోకే కాదు, మా వెనక మడిలోకి కూడా వినిపిస్తుంది. రెండు పెరళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఆమె మాట మాకు వినపడదు, ఆయనది వినపడుతుంది. కాబట్టి ఆ ఇంటి సంగతులు మాకు సగం సగం తెలిసేవి.

ఒకరోజు మేం పెరట్లో తింటున్నాం.

"లేదు, మెల్లగానే మాట్లాడుతున్నా," అంటున్నాడు ఆయన, గోడకవతల. "ఎవరు వింటారు? పక్కింటాయనా? ఆయన వింటే మాత్రం ఎవరికి చెబుతాడు? ఆయన మనిషా, దుంగా! కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటాడు!"

మా ఆవిడకు పొలమారింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "దుంగగారూ, ఇంకొంచెం వడ్డించనా?" అంది. ఆ తర్వాత చాలా రోజులు నన్ను అలాగే పిలిచింది.

ఊరు ఎలా ఉందని ఆయన్ని ఎవరు అడిగినా "బాగుంది" అనేవాడు. ముఖంలో ఏమీ ఉండేది కాదు. చిక్కుడు గింజలు ఎలా నాటాలో చెప్తే అలాగే నాటాడు. మొలిచాయి. మొలిచాయని చెప్తే చూశాడు. కుక్క కరవబోతే పక్కకు జరిగాడు. ఏ పనికీ కాదనడు, ఏ పనికీ సంబరపడడు. బల్ల మీద పెట్టిన వస్తువును ఇంకో బల్ల మీదకు మార్చినట్టు ఉన్నాడు మనిషి.

రాత్రంతా ఆయన మేలుకునే ఉంటాడని ఊరికి తెలిసిపోయింది. మొక్కజొన్న కంకి పట్టిన రోజులవి, అడవిపందులు దిగుతున్నాయి. "ఎలాగూ రెప్ప వాల్చడు కదా, కాపలా పెట్టండి," అన్నారు. ఆయన చేతికి ఒక రేకు డబ్బా, కర్ర ఇచ్చి మంచె ఎక్కించారు. ఆ రాత్రి పందులు వచ్చాయో లేదో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం కర్ర ఎత్తినవాడు దించలేదు. తెల్లారేదాకా డబ్బా మోగుతూనే ఉంది. పసిపిల్లలు ఏడ్చారు, ముసలాళ్ళు తిట్టారు, ఊళ్ళో ఒక్క మనిషి కన్ను మూయలేదు. పొద్దున్నే పోయి చూస్తే ఆయన మంచె మీద డబ్బా కొడుతూనే ఉన్నాడు. ముఖం తేటగా ఉంది.

"అయ్యా, పందులే నయం," అని దణ్ణం పెట్టి దింపేశారు.

నేను ఆ ముఖం చూశాను. మా ఊళ్ళో అడుగుపెట్టిన తర్వాత ఆయన ముఖం అలా ఉండడం అదే మొదలు.

బావి సంగతి బయటపడిన మర్నాడు ప్రెస్సాయన భార్య గోడ దగ్గరికి వచ్చింది. నీళ్ళ వంతు నాది ఆ రోజు.

"అన్నయ్యగారూ, మీరు తప్పుగా అనుకోకండి. నీళ్ళు వృథా చేయకూడదనే మళ్ళీ బావిలోకి పెట్టారు. ఆయనకు కావలసింది నీళ్ళు కాదు, చప్పుడు."

నేను పార ఆనించి నిలబడ్డాను.

"చెవుల్లో హోరు ఉందంట. అక్కడున్నప్పుడు తెలీలేదు. ఇక్కడ చప్పుడు లేదు కదా, ఇక అదొక్కటే వినపడుతోందంట. పగలూ అంతే, రాత్రీ అంతే. మోటారు నడుస్తుంటే ఒక కునుకు పడుతోంది. డాక్టరుకు చూపించాం. మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ళకు వస్తుంది, పోదు, అలవాటు చేసుకోమన్నాడు." ఆగి, ఊపిరి తీసుకుని, "ఎలా అలవాటు చేసుకోవాలో చెప్పలేదు," అంది.

మా ఆవిడ నా వెనకే ఉంది. లోపలికి పోయి ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. 

ఆ తర్వాత నా వంతు రోజుల్లో కూడా ఆయన వచ్చి మోటారు గది గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను నీళ్ళు కట్టుకుంటూ ఉండేవాణ్ణి. పని అయి, గదిలోకి పోయి ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగేది, ఆగిన మరుక్షణం ఆయన కళ్ళు తెరుచుకునేవి. అరిచి లేపినా లేవని మనిషి చప్పుడు ఆగితే లేచేవాడు. లేచి నా వంక చూసేవాడు. కోపం కాదు. ఏదీ కాదు. లేచి ఇంటికి పోయేవాడు.

నేను మడవలు నెమ్మదిగా మార్చడం మొదలుపెట్టాను. ఒక మడి నిండాక గట్టు తెగ్గొట్టి ఇంకో మడికి నీళ్ళు తిప్పడం క్షణంలో అయ్యే పని. దాన్ని సాగదీశాను. నిండిన మడిని ఇంకోసారి చూసుకునేవాణ్ణి. మా ఆవిడ గమనించి, "పంటకు పెడుతున్నావా, చేపలు పెంచుతున్నావా?" అని అడిగింది.

ఒకసారి మాత్రం మోటారు మీద చెయ్యి పెట్టి చూపించి ఆయనతో అన్నాను: "వేడెక్కుతోంది బావగారూ."

"ఊఁ," అన్నాడు.

ఎండలు ముదిరాయి. కరెంటు నీరసంగా వచ్చే రోజులు. అలాంటప్పుడు మోటారు తిరగలేక తిరుగుతుంది. ఒక మధ్యాహ్నం వాళ్ళ వంతులో అది మూలిగి, మాడు వాసన వేసి, ఆగిపోయింది. మేం వెళ్ళేసరికి గదిలో పొగ. ఆయన బయట నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి.

"కాల్చేశాను," అన్నాడు.

ఇద్దరం బోల్టులు విప్పి మోటారును పైకి తీశాం. వైండింగు నల్లగా మాడిపోయి ఉంది. టౌనుకు తీసుకుపోతే వైండింగు చేసేవాడి కొట్టు ముందు అప్పటికే మోటార్లు వరసగా పడి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కాలినవన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. వాడు మాది చూసి, "వరసలో పెట్టండి," అన్నాడు. అంతే.

మా ఆవిడకు కోపం వచ్చింది. రాదా మరి. "పాదులు ఎండిపోతే ఆయన్నే కాయలు అచ్చువేసి ఇమ్మను," అంది. గోడకవతల వినపడేట్టే అంది. ఆయనకు వినపడదు కాని ఆమెకు వినపడుతుంది. ఆ సాయంత్రం ఆమె తన పాదుల్లో కాసిన నాలుగు కాయలూ కోసి, చెంగులో తెచ్చి, గోడ మీద పెట్టి వెళ్ళింది. మా ఆవిడ వాటిని చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత తీసుకుని లోపలికి పోయింది.

తాడు, బకెట్టు దించి తోడడం మొదలుపెట్టాం. మొక్కజొన్న అప్పటికే కోత అయిపోయింది, మిగిలినవి పాదులే. ఆయన పొద్దున వచ్చి తాడు పట్టుకుంటే చీకటి పడేదాకా వదిలేవాడు కాదు. ముందు నా పాదులకు పోశాకే తన పాదులకు. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, తాడుకు మరక అంటేది. మా ఆవిడ గుడ్డ చించి ఇస్తే చుట్టుకున్నాడు. "బాగుంది," అన్నాడు, ఎప్పుడూ అన్నట్టే.

ఊరు చప్పుడు లేకుండా ఉంది. ఎండలకు పక్షులు కూడా పలకడం లేదు. ఆ నిశ్శబ్దం నాకెప్పుడూ ఉన్నదే, దాన్ని నేను వినలేదు. ఆ రోజుల్లో విన్నాను. ఆయన తాడు ఆపి అప్పుడప్పుడు తలను ఒక పక్కకు విదిలించేవాడు, చెవిలో నీళ్ళు పోయినవాడిలాగా. అలా విదిలించినప్పుడల్లా నేను బకెట్టును కావాలని గట్టుకు తగిలించేవాణ్ణి. దానివల్ల ఏం లాభం ఉందో తెలియదు.

ఒకరోజు తోడుతూ తోడుతూ నిలబడే తూలాడు. బావి వైపు. చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. ఆయనకు భయం వేయలేదు. నాకు వేసింది, కాని అది ఇంటికి వచ్చాక.

ఆ సాయంత్రం గోడకవతల ఆయన గొంతు.

"వెళ్ళిపోదాం."

కాసేపు ఏమీ లేదు. ఆమె మాట్లాడుతోందన్నమాట.

"తెలుసు. అక్కడ నీకు ఊపిరాడదు. తెలుసు."

మళ్ళీ ఏమీ లేదు.

"నువ్వొక్కదానివే ఇక్కడ ఎలా ఉంటావు? కాదు. నన్నొక్కణ్ణి పొమ్మంటావా? పోయి ఎవరికోసం ఉండాలి?" తర్వాత, "ఏడవకు." కొంచెం ఆగి, "సరే, ఏడువు."

మా ఆవిడ కంచం తీసుకుని లేచింది. తిన్నది సగమే.

"లారీ అతనికి చెప్పాను," అంటోంది ఆ గొంతు. "మోటారు వచ్చాక బిగించి ఇచ్చి పోదాం. ఆయన నీళ్ళు ఆయనకు ఇచ్చి పోదాం."

కాబట్టి మోటారు వచ్చిన రోజు వాళ్ళు పోతారు. ఊరంతటికీ ఆ సంగతి తెలిసింది. చెప్పాను కదా, ఆయన గుసగుస. మా ఆవిడ వైండింగు కొట్టు సంగతి అడగడం మానేసింది. నేను కూడా టౌను వైపు పోలేదు.

ఇంట్లో పిండి అయిపోయింది. గింజలు మూటకట్టి మరకు పోవాలి. ఒక్కణ్ణే పోగలను. గోడ దగ్గర నిలబడి, "బావగారూ, మూట ఒక చెయ్యి పట్టండి," అన్నాను. ఆయన వచ్చాడు. మూట చెరొక పక్కా పట్టుకుని వీధి చివరిదాకా నడిచాం.

మర ఊరి చివర రేకుల షెడ్డు. నడిపే మనిషిని అందరూ మర మామ అంటారు. కనుబొమ్మలతో సహా తెల్లగా ఉంటాడు. ఆయన మరకు సెలవు అనేది లేదు. పెళ్ళయినా, చావయినా కాసేపు ఆపి, మళ్ళీ వేస్తాడు. గింజలు లేకపోయినా ఉత్తిదే తిప్పుతాడని, పిచ్చి అని అంటారు.

మేం వెళ్ళేసరికి మర ఆపి రాయి తుడుస్తున్నాడు. "ఏంటి, పందుల కాపలాదారు గారు మా ఇంటికొచ్చారు," అన్నాడు. ప్రెస్సాయన వినలేదు. మామ గింజలు పోసి, బెల్టు తగిలించి, స్విచ్చి వేశాడు.

ఆ చప్పుడు నాకు పళ్ళల్లోకి వస్తుంది. ఎప్పుడూ గుమ్మం బయట నిలబడేవాణ్ణి. ఆ రోజు లోపలే ఉన్నాను, ఎందుకంటే ప్రెస్సాయన లోపలికి పోయాడు. రేకులు అదురుతున్నాయి, నేల అదురుతోంది. ఆయన మధ్యలో నిలబడ్డాడు. ముందు భుజాలు దిగాయి. తర్వాత దవడ వదులైంది. నా వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఒక్క ముక్క వినపడలేదు. ఆ మోతలో ఆయన పెద్ద గొంతు మామూలు గొంతు అయిపోయింది. పెదాలు కదులుతున్నాయి. చేతులు కూడా మాట్లాడుతున్నాయి. వేళ్ళు చెవి దగ్గర తిప్పాడు, అరచెయ్యి చాపి అడ్డంగా కోశాడు, గుండె మీద పెట్టుకున్నాడు. ప్రెస్సులో వాళ్ళు అలాగే మాట్లాడుకునేవారేమో. ఇన్ని నెలల్లో ఆయన అంత పొడుగు మాట ఎవరితోనూ చెప్పలేదు. నన్నేదో అడిగాడు కూడా. నేను తల ఊపాను. ఆయన కాసేపు నన్ను చూసి, తనూ తల ఊపి, ఖాళీ గోతాల మీద కూర్చుని, ఇంకా ఏదో చెప్తూ చెప్తూ నిద్రలోకి జారిపోయాడు. మాట పెదాల మీద సగంలో ఆగింది.

మా పిండి పట్టడం అయిపోయింది. మర మామ మూట కట్టి ఇచ్చాడు. స్విచ్చి వైపు చూశాడు, గోతాల మీది మనిషిని చూశాడు. స్విచ్చి ముట్టుకోలేదు. నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, మర చప్పుడు కొంచెం తగ్గేదాకా నడిపించాడు.

"ఏం చెప్పాడో తెలుసా నీకు?"

"వినపళ్ళేదు."

"నాకూ వినపళ్ళేదు. పెదాలు చూశాను. ఇందులో ఉంటే అదొక్కటి వస్తుంది." పై గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. గుడ్డ కూడా తెల్లదే, ఏమీ పోలేదు. "పదిమంది కూడి ఒకే ఈల వేస్తున్నట్టు ఉంటుందంట. వాళ్ళు ఊపిరి తీసుకోరంట. అది ఆగితే చాలు, బతుకులో ఇంకేమీ అక్కర్లేదంట. మీరు వింటున్నారా అని నిన్నడిగాడు. నువ్వు తలూపావు."

నేను నేల చూశాను.

"నాకూ ఉందిరా ఆ ఈల," అన్నాడు మర మామ. "మర ఆపితే వస్తుంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. పిచ్చి అంటున్నారుగా, అననీ." కొంచెం సేపు షెడ్డు వైపు చూసి, "అతన్ని రేపు కూడా రమ్మను. మూటలు కడితే కడతాడు, పడుకుంటే పడుకుంటాడు. ఉత్త మర తిప్పడం నాకు కొత్త కాదు," అన్నాడు.

పొద్దు వాలేదాకా ఆయన నిద్రపోయాడు. నేను మూట ఇంట్లో దించి, మళ్ళీ వచ్చి, గుమ్మం బయట కూర్చున్నాను. మర ఆగగానే లేచాడు. జుట్టు తెల్లగా, రెప్పలు తెల్లగా, బట్టలు తెల్లగా. నవ్వలేదు. "ఆకలేస్తోంది," అన్నాడు. ఊరంతా విన్నది.

ఆమె మెట్ల మీద నిలబడి ఎదురుచూస్తోంది.

"ఏంటీ అవతారం?" అంది.

"నిద్రపోయాను," అన్నాడు.

"ఎంతసేపు?"

"నిద్రపోయాను," అన్నాడు మళ్ళీ.

ఆమె నవ్వింది. దిగి వచ్చి, పసివాడికి తుడిచినట్టు ఆయన జుట్టు దులిపింది. పిండి లేచింది. ఆ నవ్వు మధ్యలోనే దగ్గు అందుకుంది. అది ఆగే దగ్గు కాదు. మెట్టు పట్టుకుని కూర్చుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి, ఊపిరి లోపలికి పోతుంటే కూత వచ్చింది. వచ్చిన కొత్తలో ఉన్న కూత. మా ఆవిడ గోడ దాటి పరుగెత్తింది, మందు గొట్టం తెచ్చి నోట్లో పెట్టింది.

ఆయన ముందుకు ఒక అడుగు వేశాడు. తన చేతులు చూసుకున్నాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు. మళ్ళీ వెనక్కి. ఆమె వైపే చూస్తూ, వెనక్కి నడుస్తూ, పెరడు దాటి, గట్టు దాటి, బావి దగ్గరికి పోయాడు. నేను వెంట పోయాను, ఆయన వీపు వెనక బావి ఉంది కాబట్టి.

గట్టు మీద నిలబెట్టి, నాలుగు బకెట్లు తోడి నెత్తిన పోశాను. పిండి ముద్దలై జారింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు.

"ఇక పోను," అన్నాడు. "మరకు పోను."

ఆ మాట ఆమెకు వినపడింది. దగ్గు తగ్గి, తల గోడకు ఆనించి కూర్చుని ఉంది. మాట రాక చేత్తో సైగ చేసింది. చెయ్యి మర వైపు చూపింది, తర్వాత బావి వైపు చూపింది, తర్వాత గుమ్మం వైపు. ఆయన దగ్గరే నేర్చుకుని ఉంటుంది ఆ సైగలు. నాకు కూడా అర్థమయ్యాయి: పో, కడుక్కో, అప్పుడు రా.

మర బట్టలు మోటారు గదిలో మేకుకు తగిలించడం ఆ రోజు మొదలైంది. ఇంటి బట్టలతో పోయి అక్కడ మార్చుకుంటాడు, వచ్చేటప్పుడు అక్కడే విప్పి నెత్తిన నీళ్ళు పోసుకుంటాడు. రాత్రిళ్ళు మాత్రం నిద్ర లేదు. ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. వాకిట్లో కూర్చుంటాడట, ఆమె కూడా కాసేపు కూర్చుని, పోయి పడుకుంటుందట. ఆయన ముఖంలోకి రంగేమీ రాలేదు. తూలడం ఆగింది.

మోటారు వచ్చింది. కబురు వస్తే ఇక టౌనుకు పోక తప్పలేదు. ఇద్దరం మోసుకొచ్చి బిగించాం. ఆ సాయంత్రమే లారీ అతను కూడా దారిన పోతూ ఆగాడు, సామాను ఎంత ఉంటుందో చూసుకోవడానికి.

"ఎప్పుడు రమ్మంటారమ్మా?" అని అడిగాడు.

ఆమె మెట్ల మీద నిలబడి బావి వైపు చూసింది. ఆయన అప్పుడే మర నుంచి వచ్చి, తెల్లగా, పైపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కొన్నాళ్ళు ఆగమని చెప్పండి అన్నయ్యగారూ," అంది నాతో. రావద్దని చెప్పమనలేదు. నేను అదే మాట అతనికి చెప్పాను. సామాను చూడకుండానే వెళ్ళిపోయాడు.

బావి గట్టు ఎక్కాను. పైపుకు ఆయన కట్టిన తాడు ఇంకా ఉంది, మెడ ఇంకా బావిలోకే వంగి ఉంది. ముడి బిగుసుకుపోయింది, పంటితో లాగి విప్పాల్సి వచ్చింది. పైపును కాలవ వైపు తిప్పి, గదిలోకి పోయి ఆకుపచ్చ బటన్ నొక్కాను.

నీళ్ళు దబదబా, పైపు కిందకు జరిగి నిలబడ్డ ఆయన నెత్తిన పడ్డాయి. తెల్లటి నీళ్ళు కాలవలోకి దిగి, చిక్కుడు పాదుల వైపు పోయాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మోటారు చప్పుడుకో, నీళ్ళకో తెలియదు.

ఆమె చేతిలో తువ్వాలు పెట్టుకుని గుమ్మం లోపల నిలబడింది. తలుపు ఓరగా వేసి ఉంది.

"తెలుపు పోయిందా అన్నయ్యగారూ?" అని అడిగింది.

చెవుల వెనక ఇంకా ఉంది. వేలితో చూపించాను. ఆయన రుద్దుకున్నాడు. కాలవలో నీళ్ళు మామూలు రంగుకు వచ్చేదాకా చూశాను.

"పోయిందమ్మా."

తలుపు తెరిచింది. నేను పార తీసుకుని మడవ మార్చడానికి పోయాను.